లకీ ళకీ తేడా

మా ఆయన బస్సు దిగుతూ పడిపోవడం నందిగామంతా చూసింది. పడతానేమోనని ఆరు నెలలుగా ఆయన పడిన భయం మాత్రం నాకొక్కదానికే తెలుసు. పడుకున్నా మంచం పట్టె వదిలేవాడు కాదు. వీధిలో గోడ పట్టుకుని నడిచేవాడు. తల పైకెత్తితే లోకం గిర్రున తిరుగుతుందని, బడిలో నల్లబల్ల కింది సగంలోనే రాసేవాడు. పై సగం ఎవరికి అట్టేపెట్టారు మేష్టారూ అని పిల్లలు నవ్వేవారట. నవ్వరూ మరి!

చెన్నకేశవరావు మేష్టారంటే షావుకార్ల ఇంట పుట్టి, అన్నదమ్ములు కాటా పట్టుకుంటే తాను సుద్దముక్క పట్టుకున్న మనిషి. ఆ ఉద్యోగం తప్ప మాకు మరో ఆధారం లేదు. జబ్బు ఎడమచెవిలో ఉంది. ముందు చెవిలో హోరు, వెనకాలే తల తిరుగుడు, వాంతులు. వచ్చి పోయినప్పుడల్లా ఆ చెవి వినికిడి ఇంత పట్టుకుపోయేది. చివరికి ఆ పక్కన ఉరిమినా వినపడకుండా అయింది.

నందిగామలో చూపించుకుంటే చెవిటి మేష్టారన్న పేరొస్తుందని, ఆ పేరొస్తే ఉద్యోగం ఊడుతుందని, శనివారం శనివారం జగ్గయ్యపేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది! మద్యనిషేధం వచ్చిన కొత్త అది. పేట దాటితే నైజాం, అక్కడ కల్లుకు అడ్డు లేదు. వారం వారం పేటకు పోయి సాయంత్రం గోడలు పట్టుకుంటూ వచ్చే మనిషిని చూసి ఊరేమనుకుంటుందండీ అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. తనంటే గిట్టనివాడు కూడా ఆ మాట అనడన్నాడు.

అన్నారు. ఆ శనివారం బొగ్గుతో నడిచే బస్సు దిగుతూ బోర్లా పడి, పదిమందిలో వాంతి చేసుకునేసరికి అందరూ అన్నారు. సోమవారంలోగా సంజాయిషీ రాసివ్వాలని బడి కమిటీ ప్రెసిడెంటు వీరరాఘవయ్యగారు కబురంపారు.

కాగితం వంక చూస్తే చాలు ఆయనకు అక్షరాలు ఈదుతున్నాయి. అందుకని కళ్ళు మూసుకుని ఆయన చెప్పాడు, నేను రాశాను. నా చదువు మూడో తరగతి. కళ్ళు తిరగడం వరకే ఒప్పుకుందాం, చెవి మాట ఎత్తొద్దన్నాడు. చదివి వినిపిస్తే బాగుందని, తడుముకుని సంతకం పెట్టాడు.

సోమవారం పొద్దున కాగితం నేనే పట్టుకెళ్ళాను. వీరరాఘవయ్యగారు అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు.

"పేటలోనే కల్లు తిరుగుట మొదలైనది. బస్సు దిగుసరికి అది ఎక్కువై పడితిని. ఆరు నెలలుగా ఇట్లే జరుగుచున్నది. దాచినందుకు మన్నించవలెను."

చదివి, మడిచి, "కల్లు తిరగబడిందన్నమాట" అన్నారు.

పెళ్ళయినప్పటినుంచీ లకీ ళకీ తేడా తెలియని మొద్దువని ఆయన నన్ను వేళాకోళం చేస్తూనే ఉన్నాడు. అంత తెలిసినవాడు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కరోజు నేర్పితే అరిగిపోయేవాడా? బళ్ళో ఊరి పిల్లలందరికీ నేర్పాడు. ఆయన మీద కోపం, నా మీద కోపం, ఆ కాగితం మీద కోపం. ఆగలేకపోయాను.

"కల్లు కాదండీ, కళ్ళు. రాసింది నేను, ఆ ళ నాకు రాదు. ఆయన నోట్లో చుక్క పోసి ఎరగరు. ఎడమచెవి పోయిందండీ. దానివల్లే తల తిరిగి పడుతున్నారు."

వీరరాఘవయ్యగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. చెవి బొత్తిగా వినపడదా అని అడిగారు. ఎడమది వినపడదని, కుడిచెవి బాగానే ఉందని చెప్పాను.

"ఎంత పని చేశావమ్మా. ఒప్పుకుంటే మందలించి వదిలేద్దామని నిన్ననే అనుకున్నాం. దాచకుండా రాశాడని సంతోషించా. తాగుడైతే మాన్పించొచ్చు. చెవిటివాడికి పిల్లల్నెట్లా అప్పజెబుతాం?"

కుడిచెవి ఉందని మళ్ళీ చెప్పాను. ఆ చెవి ఎన్నాళ్ళుంటుందో హామీ రాసిస్తావా అని అడిగారు. వెటకారానికి కాదు, మర్యాదగానే అడిగారు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మా ఇంట్లో నిలకడ ఎక్కడేడిసింది? తాగుబోతన్న అబద్ధం ఆయన్ను నిలబెట్టేది. నేను నోరు మూసుకుని ఉంటే రేపు బడికి వెళ్ళేవాడు.

ఇంటికొచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని, పట్టె పట్టుకుని పడుకుని ఉన్నాడు. అడుగుల అదురుకి తెలుసుకుని, "ఏమన్నారే?" అన్నాడు. కుడివైపు కూర్చుంటే బాగానే వినపడుతుంది. నేను ఎడమవైపు కూర్చుని, జరిగిందంతా ఒక్క మాట వదలకుండా చెప్పాను.

"కాస్త గట్టిగా చెప్పవే" అన్నాడు, పట్టె వదలకుండా.