కడగని సీసాలు

లైను ఇళ్ల నీళ్లు మనుషుల్ని చంపాయి. ఏడాదిలో ఐదుగురిని. ఇందులో అనుమానానికి చోటు లేదు. రికార్డుల్లో మాత్రం ఒకరు ముసలితనంతో పోయారు, ఒకరు గుండె ఆగి పోయారు, మిగతా ముగ్గురూ దేనివల్ల పోయారో రాసే తీరిక ఎవరికీ దొరకలేదు. గుండె ఆగిందని రాసింది వాల్వాయన భార్య గురించి. మూడు రోజులు విరేచనాలై, కళ్లు గుంటలు పడి, నాలుక పిడచకట్టాక గుండె ఆగింది. ఆగకేం చేస్తుంది?

వాల్వాయనంటే మిల్లు వెనక ఎనభై ఇళ్లకు నీళ్లు వదిలే మనిషి. పొద్దున వాల్వు తిప్పుతాడు, గంట కాగానే కట్టేస్తాడు. జీతమిచ్చేది నీళ్ల కాంట్రాక్టరు. నెలకోసారి ప్రభుత్వ ఇంజనీరు వచ్చి పరీక్షకు నీళ్లు పట్టుకెళ్లేవాడు. ఎక్కడ? కాంట్రాక్టరు ఆఫీసు గుమ్మంలో ఉన్న కుళాయి దగ్గర. టీ తాగి, సీసా నింపుకుని వెళ్లిపోయేవాడు. ఇళ్ల వైపు ఒక్కనాడూ రాలేదు. కంపు కొడుతుందట. కాగితం మీద నీళ్లు ఎప్పుడూ స్వచ్ఛమే.

వాల్వాయన మరదలు, చనిపోయినామె చెల్లెలు, మిల్లులో నూలు చుడుతుంది. అక్క పోయిన నెలకు ఆసుపత్రి నర్సును బతిమాలి ఆరు సీసాలు తెచ్చింది. చిన్న గాజు సీసాలు. గీత దాకా కుళాయి నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చటి చోట రెండు రోజులుంచాలి. నీళ్లలో మలం తాలూకు క్రిములుంటే నల్లబడతాయి.

ఆరింట్లో ఒక్కటీ నల్లబడలేదు.

మిల్లు గేటు ముందు మీటింగులో కాంట్రాక్టరు సీసా ఎత్తి ఎండకు పట్టి చూశాడు.

“అద్దంలా ఉన్నాయి! మా నీళ్లను అనేముందు మీ చేతులు కడుక్కోండమ్మా. కాస్త శుభ్రం నేర్చుకోండి.”

ఇంజనీరు నవ్వాడు. ఆయన నవ్వు కాంట్రాక్టరు నవ్వు కంటే ఒక క్షణం ఆలస్యంగా మొదలై, ఒక క్షణం ఎక్కువ సాగింది. జీతం ఒకరిది, విశ్వాసం ఇంకొకరిది.

జనం తలలు దించుకున్నారు. నిన్నటిదాకా పళ్లు కొరికినవాళ్లే.

“అనవసరంగా నోరు పారేసుకున్నాం. ఉన్న నీళ్లు కూడా ఆపేస్తే ఏం చేస్తాం?” అన్నాడు మిల్లులో బొగ్గేసే బాయిలరు తాత.

వాల్వాయన గుంపు చివర నిలబడ్డాడు.

నర్సు ఆ సీసాలు చూసి నెత్తి కొట్టుకుంది.

“పొడి ఏదమ్మా?”

“ఏం పొడి? అడుగున దుమ్ముంటే కడిగి పారబోశాం” అంది మరదలు.

“కడిగారా!”

“కడక్కుండా ఏ ఆడదైనా నీళ్లు పడుతుందా? చెంబైనా కడిగే ముంచుతాం.”

“ఆ దుమ్మే మందు తల్లీ!”

మరదలు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

“శుభ్రం నేర్చుకోమన్నాడు, చచ్చినోడు! మా శుభ్రమే కదరా నిన్ను కాపాడింది!”

ఈసారి ఇరవై సీసాలు. అలవాటు పడ్డ చెయ్యి ఊరుకోదు కనుక, ఒకామె నీళ్లు పడుతుంటే ఇంకొకామె మణికట్టు పట్టుకుంది. కుళాయి మూతిని మంటతో కాల్చి, కాసేపు నీళ్లు వదిలేసి, అప్పుడు పట్టారు. ఒక సీసా మాత్రం మరదలు కాంట్రాక్టరు గుమ్మంలో పట్టింది. అన్నీ పొయ్యిల పక్కన పెట్టారు. మర్నాటి సాయంత్రానికి పందొమ్మిది సీసాలు కాటుకలా ఉన్నాయి. గుమ్మంలోది ఒక్కటే తేటగా ఉంది.

మళ్లీ మిల్లు గేటు. ఈసారి మూడు షిఫ్టులవాళ్లూ వచ్చారు.

“ట్యాంకు ఒక్కటే కదా!” కాంట్రాక్టరు గొంతు పెంచాడు. “నా గుమ్మంలో బాగున్న నీళ్లు మీ గుమ్మంలో ఎలా చెడతాయి? మీరే ఏదో కలిపారు. పైపు ఎక్కడ పగిలిందో చూపించండి, ఇప్పుడే కాంట్రాక్టు వదిలేస్తా.”

భూమిలో ఉన్నది ఎవరు చూపిస్తారని ధీమా. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు.

మరదలు వెనక్కి తిరిగింది.

“బావా, పైపు దారి నీకు తెలీదా?”

“తెలుసు.”

“పగిలిందా?”

“రెండేళ్లయింది.”

వాల్వాయన ముందుకొచ్చి కాంట్రాక్టరు వైపు వేలు చూపించాడు.

“ఆఫీసు దాటాక ఇళ్లకొచ్చే పైపు మూడో వరస వెనక మురుక్కాలవలోంచి పోతుంది. పగిలితే ఈయన సైకిలు ట్యూబు చుట్టమన్నాడు. చుట్టాను. నీళ్లు వదిలినంతసేపు బయటికి కారుతుంది. కట్టేశాక పైపు ఖాళీ అయి మురుగును లోపలికి లాక్కుంటుంది. పొద్దున మనం తాగేది అదే.”

“తెలిసీ అక్కకు తాగించావా?”

“తాగించాను. కాచుకోమన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే అది వీధంతా చెబుతుంది, నా ఉద్యోగం పోతుంది.”

ఎవరో కాండ్రించి ఉమ్మారు. బాయిలరు తాత కొట్టడానికి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి మరదలు పట్టుకుంది.

“తర్వాత కొడుదువుగానీ తాతా. ముందు పలుగు తీసుకో.”

రెండు వందల మంది కాలవ మీదికి నడిచారు. రాతిపలకలు లేపారు. మురుగులో మునిగిన పైపు, దాని నడుముకు కుళ్లిన ట్యూబు. ఇంజనీరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“ఇక్కడ పట్టండి సార్, మీ సీసా” అంది మరదలు.

“పలకలు మూసేయండి. వారంలో చూద్దాం.”

మూయలేదు. ఆడవాళ్లు గట్టు మీద కూర్చున్నారు. మగవాళ్లు మిల్లుకు పోలేదు. పోలీసులొచ్చి పదకొండు మందిని లాక్కెళ్లారు. ఖాళీ అయిన చోట ఇరవై మంది కూర్చున్నారు. వాల్వాయన ఉద్యోగం మొదటి రోజే పోయింది. తొమ్మిదో రోజున కాలవకు దూరంగా కొత్త పైపు పడింది. కాంట్రాక్టరు మాత్రం కాంట్రాక్టు వదల్లేదు. అలాంటివాళ్లకు మాట ఉండదు. మెడ మీద చెయ్యి పడితేనే కదులుతారు.

తర్వాత రైలు పట్టాల అవతల నుంచి ఇటుకబట్టీ ఇళ్లవాళ్లు వచ్చారు. వాళ్లకీ అదే కాంట్రాక్టరు. వెంట వచ్చిన ఒక కళ్లద్దాల విద్యార్థి వాల్వాయనను అడిగాడు.

“రేపు బట్టీ దగ్గర మీటింగు పెట్టాం. మీ భార్య సంగతి మీ నోటితో చెప్పండి. జనం కదులుతారు.”

“తవ్వడానికి వస్తాను. చెప్పడానికి రాను.”

“చెప్పాల్సింది మీరే కదండీ?”

“రెండేళ్లు నోరు మూసుకుని ఐదుగురిని చంపాను. ఒక్కసారి తెరిచాను. మీ దగ్గరా వాల్వు తిప్పేవాడు ఒకడుంటాడు. వాణ్ని నిలబెట్టి అడగండి. చెప్పేదాకా వదలకండి.”

“మరి మీరు...”

“ఆ మాట ఇక అడగొద్దు. నువ్వే కాదు, ఎవరూ.”

పలుగు భుజాన వేసుకుని అందరికంటే ముందు పట్టాలు దాటాడు. బట్టీ దగ్గర తవ్వాడు, ఆ తర్వాత ఇంకో రెండు చోట్ల తవ్వాడు. ఎవరడిగినా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.