నేను మూసిన నోరు

నా చెల్లెలి మొగుడి దవడ నేనే విరగ్గొట్టాను. అబద్ధమెందుకు, కొడుతున్నంతసేపూ నాకు హాయిగానే ఉంది.

ఒబిన్నా అనే నైజీరియా వాణ్ణి చేసుకుందని ఆరేళ్లు ఉజ్వల గడప తొక్కలేదు నేను. 2012లో తనే ఫోన్ చేసింది. "పాపకి అక్షరాభ్యాసం అన్నయ్యా. మేనమామవి, ఒళ్లో కూర్చోబెట్టుకోవా?" అంది. నేనుండే ప్లేనో నుంచి వాళ్లుండే కాపెల్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను.

పాప ఇఫెయోమాకి ఐదేళ్లు. వేలు పట్టుకుని బియ్యంలో 'అ' దిద్దించాను. ఒబిన్నా వచ్చి కూర్చున్నాడు. అరచేత్తో ఆ 'అ'ని చెరిపేసి, తన ఇగ్బో భాష అక్షరాలు మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. చేతికందిన ఇత్తడి చెంబుతో మొహం మీద కొట్టాను. రెండో దెబ్బకి దవడ పుటుక్కుమంది. రక్తం బియ్యం మీద చిమ్మింది. వాడు చెయ్యెత్తలేదు, పాపని వెనక్కి లాక్కుని అడ్డం నిలబడ్డాడు. ఇదే సందనుకుని మూడోది కూడా వేశాను. ఉజ్వల నా మణికట్టు కొరికితే తప్ప చెంబు వదల్లేదు.

"చోటు కోసం చదును చేశాడు. పలక నిండితే చెరిపి రాయమా మనం?" అంది, నోటినిండా నా రక్తంతో.

ఆసుపత్రిలో దవడకి ఆరు వారాలు తీగలు బిగించారు. నర్సు అడిగితే మెట్ల మీంచి పడ్డానని కాగితం మీద రాశాడు. పోలీసులు రాలేదు, నా వీసాకి ఏమీ కాలేదు. సిగ్గుతో చచ్చాను.

"నెక్స్ట్ మంత్ మా అత్తయ్య వస్తోంది. పాప ఇగ్బో లెటర్స్ అన్నీ అప్పజెప్తుందని ఆయన ప్రామిస్ చేశాడు. ఆయన నోరు నువ్వు మూశావ్, నువ్వే నేర్చుకుని నేర్పు. అప్పుడే నువ్వు దానికి మామయ్యవి. లేదంటే ఇటు రాకు," అంది ఉజ్వల.

ఒబిన్నా ఎప్పుడో పాప కోసం రికార్డ్ చేసిన సీడీ కార్‌లో పెట్టుకున్నాను. మొత్తం ముప్పై ఆరు అక్షరాలు. 'గ్బ' నా ప్రాణం తీసింది. పెదాలూ గొంతూ ఒకేసారి మూసి, ఒకేసారి వదలాలి. ముందు 'గ', తర్వాత 'బ' అంటే కుదరదు. స్టీరింగ్‌ని గుద్దుతూ, కసిగా నేర్చుకున్నాను.

రోజూ సాయంత్రం వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. తీగల నోటితో ఒబిన్నా పక్కనే కూర్చునేవాడు. తప్పయితే బల్ల మీద ఒకసారి, ఒప్పయితే రెండుసార్లు వేలితో తట్టేవాడు. పాప బల్లకి ఆ చివరే కూర్చుని, నన్ను అంకుల్ అంటూ, నేనన్నదల్లా తిరిగి అనేది.

ముసలావిడ వచ్చే ముందురోజు పాప ముప్పై ఆరూ గడగడా అప్పజెప్పింది. 'గ్బ' నాకంటే బాగా పలికింది. ఒబిన్నా రెండుసార్లు తట్టాడు. సంతోషం పట్టలేక లేచి వెళ్లి, తల నిమురుదామని చెయ్యెత్తాను.

పాప రెండు చేతులతో దవడ కప్పుకుంది.

"నేను రాంగ్ చెప్పలే, అంకుల్," అంది.