రెడ్డెమ్మ జెరేనియం మడి

నేను ఒక బొరిగెను. మదనపల్లెలో ఓ కమ్మరి పాత లారీ స్ప్రింగు ముక్కను కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. మొదట చెంగల్రాయుడి వేరుశనగ చేలో కలుపు తీశాను. వానలు మొహం చాటేశాక అతడు కొండమీది అతిథిగృహానికి కాపలాదారుగా వచ్చాడు. అప్పుడు నేను అతడి భార్య రెడ్డెమ్మ చేతికి వచ్చాను.

అతిథిగృహం పక్కన వాళ్లకిచ్చిన ఇంటి వెనక గోడవార ఎండ పొడ తగలదు. ఊటీలోని పిన్ని ఇచ్చిన జెరేనియం దుంపలను రెడ్డెమ్మ అక్కడ పాతింది.

"నీడలో ఏం పూస్తాయి మే?" అని నవ్వాడు రాయుడు.

ఆమె నాతో మట్టి గుల్ల చేసి, కుళ్లిన ఆకులు కలిపింది. వానలకు గోడవారంతా ఊదాపూలే. వచ్చినవాళ్లకు వాటిని తనే పెంచినట్టు చూపించాడు రాయుడు. మగవాళ్లకు అదో సరదా.

ఈ మొక్కలు చలికి పైన ఎండినా అడుగున దుంపలు బతికే ఉంటాయని పిన్ని రెడ్డెమ్మకు చెప్పింది. ఆ మాట ఆమె మొగుడికి చెప్పలేదు. చెప్పే అవసరం వస్తుందనుకోలేదు పాపం.

ఆ చలికాలమే ఆమెకు జబ్బు ముదిరింది. కూతురితో వేలూరు ఆసుపత్రికి వెళ్తూ, "చెట్లు భద్రమయ్యా. మళ్లా పూసేది ఒక్కసారి చూడల్ల" అంది.

రాయుడు రోజూ నీళ్లు పోశాడు. అయినా ఆకులు ఎండాయి. ఇంతలో వేలూరు నుంచి కబురొచ్చింది: రెడ్డెమ్మకు ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. వేరుశనగ రైతు లెక్కలో ఆకు ఎండితే చెట్టు పని అయిపోయినట్టే. చచ్చిన చెట్లు ఆమె కంటబడకూడదని మడంతా నాతో పెళ్లగించి, లోయలో పారేసి, బంతి నారు పెట్టాడు. దుంపలు పచ్చిగా తెగాయి. వాటి మీది ఎర్రటి మొలకలు ఏడుస్తున్న మనిషికి కనిపించలేదు. నోరుంటే అరిచేదాన్ని.

"నా చెట్లేవయ్యా?" అంది ఆమె వస్తూనే.

"చలికి చచ్చిపోయినాయి మే. పీకేసి బంతి పెట్టినా."

ఆమె అతడి గోళ్లలోని మట్టి చూసింది. "మంచిపని చేసినావులే" అంది మెల్లగా.

అతడు లోపలికి వెళ్లాక నన్ను అందుకుంది. నా పిడి దగ్గర ఇరుక్కున్న దుంప ముక్కను గోటితో తీసి, గోడ మూల మట్టిలో అదిమింది. వానలు రాకముందే రెడ్డెమ్మ పోయింది.

నీడలో బంతి నిలవలేదు. తొలకరికి గోడ మూలన జెరేనియం ఆకు లేచింది. రాయుడు దాని మొదట్లో మట్టి తీసి చూశాడు. నేను కోసిన దుంప ముక్కను ఎవరో అక్కడ అదిమి పెట్టారు.

"బతికే ఉండినాయా? నీకు తెలిసే ఊరకున్నావా మే?"

ఆ రోజు నుంచి నన్ను ముట్టలేదు. చూరులో తుప్పు పడుతున్నాను. ఆ మొక్కకు మాత్రం రోజూ నీళ్లు పోస్తాడు. అది పూసిన రోజు అటు చూడలేక, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.