ఖాళీ గడి

బావా బావమరుదులు ఉప్పూ నిప్పూ అయి ఎనిమిది నెలలైంది. కారణం వింటే నవ్విపోతారు. నలుగురిలో బావ, "మావాడిదీ ఒక కంప్యూటరు ఉద్యోగమేనా! లారీలు లెక్కపెట్టుకోవడమేగా" అన్నాడు. అంతే!

ఖర్మ కాకపోతే, సరిగ్గా అప్పుడే వాళ్ల కంపెనీలకు పొత్తు కుదరాలా? బావది మందుల కోల్డ్ స్టోరేజీ, బావమరిదిది లారీల కంపెనీ. అక్కడి కంప్యూటరు సరుకు వివరాలు పంపితే, ఇక్కడిది దానంతటదే తగిన లారీని పంపాలి. రెండిటికీ మాట కలిపే పని వీళ్లిద్దరికే పడింది. వీళ్ల మధ్యేమో మెయిళ్లే, అవీ "గౌరవనీయులైన సార్" అంటూ.

పరీక్ష కోసం బావ పంపిన ఫైల్లో 'చలువ' గడి ఖాళీగా ఉంది. బావమరిదికి చూడగానే వెలిగింది. కోల్డ్ స్టోరేజీలో ఉండేదంతా చల్లటి సరుకే కాబట్టి, చలువ అక్కర్లేనప్పుడే వాళ్లు ఆ గడిలో రాస్తారు. ఈ అలవాటు గురించి ఒకప్పుడు భోజనాల దగ్గర బావే చెప్పి నవ్వాడు. లారీల వాళ్లకు మాత్రం ఖాళీ గడి అంటే మామూలు లారీ.

ఫోను తీశాడు. 'నేనెందుకు చేయాలి? అంత గొప్పవాడు, ఆయన్నే అడగనీ' అని పెట్టేశాడు. చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా! 'అంతా సరే' అని రాసి పంపేశాడు. అసలు సరుకు కదిలేలోపు బావే ఫోను చేస్తాడులే అనుకున్నాడు.

బావ చేయలేదు. మొదటి సరుకు పసిపిల్లల టీకాలు. మామూలు లారీలో రెండు రోజులు ఎండలో మాడి, మొత్తం పారబోయాల్సి వచ్చింది. గడి నింపని తప్పు బావదేనని తేల్చి, పంతొమ్మిదేళ్ల ఉద్యోగం ఊడబెరికారు.

ఆ సాయంత్రమే బావమరిది అక్క ఇంటికి వెళ్లాడు.

"రారా, కూర్చో" అన్నాడు బావ. "మీ ఆఫీసులో నిన్నేం అనలేదు కదా?"

"లేదు బావా."

"పోనీలే. ఆ గడి మీద నాకూ అనుమానం వచ్చిందిరా. ఫోను చేద్దామనుకున్నా. ఇంతలో నువ్వు 'అంతా సరే' అని రాశావు. మావాడు చూశాక ఇంకా చూసేదేముంది అనుకుని వదిలేశా."

తన పని మీద బావకు గౌరవం ఉందన్న ఆ ఒక్క మాట కోసమే బావమరిది ఎనిమిది నెలలు మొహం చాటేసింది.

"ఆ గడి సంగతి నాకు ముందే తెలుసు బావా" అన్నాడు.

అక్క అందివ్వబోయిన మంచినీళ్ల గ్లాసు వెనక్కి తీసుకుని, లోపలికి వెళ్లిపోయింది.