భిక్షపతి ఏ ఊర్ల ఉన్నడు?

ఆ చలికాలమంతా మా ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. నూలు లేక కాదు. పడుగు చుట్ట దూలానికి వేలాడుతూనే ఉంది. నాయిన దాన్ని ముట్టేవాడు కాదు. పొద్దున లేచి మగ్గం గుంటలో దిగి కూర్చునేవాడు. కాసేపటికి లేచి వాకిట్లోకి వెళ్లి దారి చూసేవాడు. మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

మా ఇంట్లో ఒక కట్టు ఉంది. మగ్గం మీద పడుగు ఎక్కిందంటే, నేత పూర్తయి బట్ట దిగేదాకా ఇంటి మనుషులెవరూ దూర ప్రయాణం పోకూడదు. పడుగు సగంలో కోస్తే ఇల్లు తెగుతుందని మా తాత అనేవాడట.

అందుకే మా వదిన ఉప్పలమ్మ బొంబాయి పోలేకపోయింది. మా అన్నయ్య భిక్షపతి మిల్లు పనికని బొంబాయి వెళ్లి, అక్కడ నేవీలో చేరాడు. సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకొని, కాళ్ల పారాణి ఆరకముందే వెళ్లిపోయాడు. ఆ తరువాత రజాకార్ల గొడవ, దారులన్నీ బందు. యూనియన్ సైన్యం వచ్చి తపాలా నడిచాక మొదటి కార్డు వచ్చింది. గది దొరికింది, ఉప్పలమ్మను తీసుకొని రమ్మన్నాడు. అప్పటికి మగ్గం మీద చీర సగంలో ఉంది. నాయిన దీపం పెట్టుకొని మరీ నేశాడు. వదిన రాట్నం వదలకుండా కండెలు చుట్టింది. చీర దిగిన రోజే రెండో కార్డు వచ్చింది. అన్నయ్యను కొచ్చికి మార్చారు. అక్కడ ఆడవాళ్లను ఉంచుకోనివ్వరట.

వదిన ప్రయాణానికి కట్టిన మూట విప్పలేదు. నాయిన కొత్త పడుగు ఎక్కించలేదు.

"ఈసారి కబురొస్తే తెల్లారేసరికి బయలెల్లాలె" అన్నాడు.

ఒక మధ్యాహ్నం పోలీసు పటేలు గోపయ్య ఇద్దరు జవాన్లతో వచ్చాడు.

"ఏం వెంకటరాజం, నీ కొడుకు ఏడున్నడు?"

"కొచ్చిల, పటేలా. సముద్రం మీద నౌకరి."

"మొన్న బొంబాయంటివి గద?"

"మార్చిన్రు."

పటేలు నవ్వాడు. "ఒక్క ఊరు మీద నిలవడు. తుపాకి పట్టి అడివిలకు పోయినోళ్ల అయ్యలంత గిదే చెప్తున్నరు. సంఘపోళ్లందరు బొంబాయిలనే ఉంటే గీ మిలిట్రీ ఈడెందుకు?"

జవాను ఒకడు వదిన మూటను తుపాకీ కొనతో కదిపాడు.

"ఇదేంది? ఎవలు పోతున్నరు? ఏడికి?" అని అడిగాడు పటేలు.

అమ్మ కార్డులు చూపించింది. "కార్డు ఎవలైన రాస్తరు" అన్నాడు పటేలు. ఆ కార్డులు చదివి వినిపించేది నేనే. బడికి పోయింది ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపు వెనక నిలబడి ఉన్నాను. బయటికి రాలేదు.

జొన్నల కుండ అడుగంటింది. ఆ రోజు వదిన తనే అంది.

"మామా, పడుగు ఎక్కియ్యి."

"కబురొస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాం. అందాక గాలి బుక్కుదమా?"

అమ్మ నవ్వింది. పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులో పాత పడుగు పోగులు జానెడు వదిలి ఉంటాయి. కొత్త పోగులను ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతకాలి. అమ్మ, వదిన, నేను ముగ్గురం కూర్చుని అతికాం.

నాయిన మూరెడు నేశాడో లేదో కార్డు వచ్చింది.

"గట్టిగ సదువు బిడ్డా" అన్నాడు నాయిన.

అన్నయ్యను విశాఖపట్నానికి మార్చారు. గది దొరికింది. ఉగాది దాకానే అక్కడ. తరువాత ఓడ ఎక్కిస్తారు.

వదిన రాట్నం తిప్పుతూనే ఉంది. కండె నిండి నూలు పక్కలకు జారిపోతున్నా ఆపలేదు. తరువాత ఆపింది.

"గీ చీర దిగేసరికి మీ కొడుకును ఇంకో ఊరికి తోలుతరు. కొయ్యి మామా."

"మా అయ్య ఏమన్నడో ఎరికేనా?"

"ఆయన కాలంల కొడుకులు ఇంట్లనే కూసోని నేసిన్రు. గీ నౌకరికి గా కట్టు నడువదు."

నాయిన అచ్చు మీంచి చెయ్యి తీశాడు. తరువాత కత్తి తీసుకొని, అచ్చు వెనక జానెడు వదిలి, పడుగు అడ్డంగా కోశాడు. ఇంటి కప్పు వైపు చూశాడు. ఏమీ కాలేదు. మూరెడు నేతను విడదీసి వదిన మూటలో దోపాడు.

నాయిన, వదిన బండిలో దేవరకొండకు, అక్కడి నుంచి బస్సులో రైలు స్టేషనుకు వెళ్లిన మర్నాడే పటేలు వచ్చాడు. అప్పటికి అమ్మ చేను మీదికి పోయి ఉంది.

"మీ అయ్య ఏడికి పోయిండు పిల్లా?"

"ఇశాఖపట్నం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా అన్న ఆడున్నడు."

"మల్ల మారిండా?"

"మారిండు. ఉగాది దాటితే మల్ల మారుతడు. ఏ ఊరో మాకు ఎరికలేదు. ఆయనకు గూడ ఎరికలేదు."

ఈసారి పటేలు నవ్వలేదు. "మీ అయ్య వచ్చినంక నాకాడికి రమ్మను" అని వెళ్లిపోయాడు.

నాయిన తిరిగి వచ్చాక అమ్మ నీళ్లచెంబు అందిస్తూనే అడిగింది. "పిలగాడు కలిసిండా?"

"స్టేషన్ కాడికే వచ్చిండు. తెల్లబట్టలు తొడిగి ఉండె. నేను గుర్తువట్టనే లేదు."

"పిల్ల?"

"మంచిగనే ఉన్నది. సముద్రం జూసింది." నాయిన చెంబు కింద పెట్టాడు. "మూటైతే ఇప్పలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఇప్పలేదు."

లేచి మగ్గం గుంటలో దిగాడు. కోసిన పడుగును దగ్గరికి లాక్కున్నాడు. అమ్మ, నేను చెరో పక్క కూర్చుని పోగులు అతకడం మొదలుపెట్టాం.