కాలరక్క తలుపు

కాలరక్క పొద్దున్నే లేచి చేసే మొదటి పని, ఎంత దాహం వేసినా మంచినీళ్ళు తాగకుండా ఉండటం. నీళ్ళు తాగితే పదింటికల్లా లేవాలి. లేవాలంటే టోకెను కావాలి. నలభై రెండు మిషన్లున్న ఆ చొక్కాల ఫ్యాక్టరీ రెండో అంతస్తు మొత్తానికీ ఉన్నది ఒకటే టోకెను. సూపర్‌వైజరు కుర్చీ పక్కన మేకుకి వేలాడుతుంటుంది. అది మేకుకి లేదంటే ఎవరో బాత్రూముకి వెళ్ళారని అర్థం, వాళ్ళొచ్చేదాకా మిగిలినవాళ్ళంతా ఆపుకోవాలి. వచ్చాక కూడా సూపర్‌వైజరు వాచీ చూసుకుని, భోజనాల టైములో వెళ్ళావుగా అన్నాడంటే నోరు మూసుకుని కూర్చోవలసిందే. బాత్రూము ఉన్నది కింద అంతస్తులో, అదీ ఒక్కటే.

కాలర్లు కుట్టే మిషను మీద పదకొండేళ్ళుగా కూర్చుంటోంది కాబట్టి అందరికీ ఆవిడ కాలరక్క. పదకొండేళ్ళు ఆపుకుని ఆపుకుని, ఆవిడ కడుపు అసలు కదలడమే మర్చిపోయింది. వారానికొకసారి, అదీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే. పొట్ట మీద చెయ్యి వేస్తే రాయి తగిలినట్టుండేది. గోరువెచ్చని నీళ్ళయ్యాయి, నానబెట్టిన ఎండుద్రాక్షలయ్యాయి, పక్కింటామె ఇచ్చిన చేదుపొడి అయింది. చివరికి సిటీ బస్సు నడిపే మొగుడు ఒకపూట సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆవిడ కుర్చీలో సర్దుకునేలోపే డాక్టరు రాయడం మొదలుపెట్టాడు. నీళ్ళు బాగా తాగమన్నాడు. కాస్త నడవమన్నాడు. రోజూ పొద్దున ఒక గొట్టం మాత్ర వేసుకోమన్నాడు. దీనివల్ల ఇంకేమైనా అవుతుందా డాక్టరుగారూ అని ఆవిడ అడిగితే, తలెత్తకుండానే ఏమీ కాదన్నాడు.

మొదటిరోజు నిజంగానే ఏమీ కాలేదు. రెండోరోజు పదిన్నరకి పేగులు ఒక్కసారిగా మెలి తిరిగాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. మేకు వంక చూస్తే టోకెను లేదు. వెళ్ళి సూపర్‌వైజరుని అడిగితే, ఒకళ్ళు వెళ్ళారుగా, ఆగలేవా అన్నాడు. ఆగలేనని నలభై మంది వినేలా ఎలా చెప్పాలి? పళ్ళు బిగబట్టి వచ్చి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. పొట్టలో మొదలైన మంట కోపమై తలకెక్కింది. ఈ పాడు గోడలు బద్దలైపోను అనుకుంది.

అప్పుడు పక్కగోడలో తలుపు వచ్చింది. ఆకుపచ్చ రంగు చెక్క తలుపు, గడియతో సహా. కాలరక్క లేచి, గడియ తీసుకుని లోపలికెళ్ళింది. లోపల ఒక బల్బు, ధారగా నీళ్ళొచ్చే పంపు, బకెట్టు, మగ్గు, పైన చిన్న కిటికీ. ఆవిడ బయటికొచ్చాక కూడా తలుపు పావుగంటసేపు ఉండి, తర్వాత గోడలో కలిసిపోయింది. సూపర్‌వైజరు తన పుస్తకంలో పన్నెండు కాలర్లు తక్కువని రాసుకున్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆరోజు నుంచి ఆవిడకి ఎక్కడ కడుపు మెలిపెడితే అక్కడ తలుపు వచ్చేది. ఒకసారి మొగుడు నడిపే బస్సులో వెనక సీటు పక్కన వచ్చింది. ఆవిడ బయటికొచ్చేదాకా ఆయన స్టాపులో బస్సు ఆపేసి, హారన్లు కొట్టినవాళ్ళందరి చేతా తిట్లు తిన్నాడు. ఇంకోసారి గుడ్ల కొట్టు గోడలో వచ్చింది. నీళ్ళు గుడ్ల మీద చిందుతున్నాయి, తలుపు సరిగ్గా వేసుకోమ్మా అన్నాడు కొట్టతను.

కానీ రోజుకి ఆరేడుసార్లు. నెత్తి మీద సుత్తితో కొడుతున్నట్టు తలనొప్పి. పెదాలు ఎండి చిట్లిపోయాయి. పిక్కలు పట్టేసేవి. లేచి నిలబడితే మిషన్లన్నీ గిర్రున తిరిగేవి. మానేద్దామని రోజూ అనుకునేది, మానలేకపోయేది. కారణం ఇస్త్రీ పిన్ని.

ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు, షుగరు. గంటకోసారి వెళ్ళకపోతే ఆగదు. కిందటి నెల టోకెను కోసం ఎదురుచూస్తూ నిలబడ్డచోటే బట్టలు తడిపేసుకుంది. సూపర్‌వైజరు నవ్వాడు. పిన్ని తనే గుడ్డ తెచ్చి నేల తుడుచుకుని, ఇస్త్రీపెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ వంగిన వీపు కాలరక్క మర్చిపోలేదు. ఇప్పుడు తలుపున్న పావుగంటలో మొదట వెళ్ళేది పిన్నే. ఆవిడ వెనక మిగిలిన ఆడవాళ్ళు. మూడోవారానికల్లా కాలరక్క మెట్లెక్కుతుంటేనే, మాత్ర వేసుకున్నావా అక్కా అని అడగడం మొదలుపెట్టారు. ఎలా ఉన్నావని మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు. అది ఆవిడకి లోపల ముల్లులా గుచ్చుకునేది.

మందుల షాపామె ఒకరోజు ఆవిడ మొహం చూసి, మాత్రల పెట్టెలో మడతపెట్టి ఉన్న కాగితం తీసి చదివి వినిపించింది. విరేచనాలు ఎక్కువైతే, కళ్ళు తిరిగితే, మాత్ర ఆపేసి వెంటనే డాక్టరుని కలవాలని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. కాలరక్క ఆ కాగితం పట్టుకుని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"మందు పనిచేస్తోందన్నమాట. సంతోషించక కోప్పడతారేంటమ్మా?" అన్నాడాయన.

సరిగ్గా అప్పుడే ఆయన కుర్చీ వెనక గోడలో తలుపు వచ్చింది. డాక్టరు లేచి కుర్చీ పక్కకి జరుపుకోవలసి వచ్చింది. కాలరక్క లోపలికెళ్ళి అరగంట దాకా రాలేదు. బయట పేషెంట్లు గొణుక్కున్నారు. డాక్టరు పెన్ను పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. వచ్చాక ఆవిడ చేతులు తుడుచుకుంటూ అంది.

"నేను కూర్చోకముందే మందు రాసేశారు. పదకొండేళ్ళు ఎందుకు ఆపుకున్నావని మాత్రం అడగలేదు. అది అడిగుంటే మీ మాత్రతో పని లేదు డాక్టరుగారూ."

ఆయన ఉప్పు, చక్కెర కలిపిన పొడి ప్యాకెట్లు రాసి, మాత్ర మాత్రం అలాగే కొనసాగించమన్నాడు.

నాలుగురోజుల తర్వాత మిషను మీదే కళ్ళు తిరిగాయి. సూది చూపుడువేలి గోట్లోంచి దిగిపోయింది. తెలివొచ్చేసరికి కాలర్ల కుప్ప మీద పడుకుని ఉంది. పిన్ని చెంచాతో ఆ పొడినీళ్ళు తాగిస్తోంది. ఇక ఆ మాత్ర జోలికి వెళ్ళకు అంది పిన్ని. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒకామె మెల్లగా, మరి మా సంగతేంటి అని నసిగింది.

కాలరక్క కట్టుకట్టిన వేలు ఆమె మొహం ముందు పెట్టింది.

"నా ఒంట్లో నీళ్ళన్నీ పోతేగానీ మీకు తలుపు రాదా? పదకొండేళ్ళలో ఆ మేకు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాం గానీ, ఇంకో బాత్రూము కట్టమని మనలో ఒక్కళ్ళమైనా అడిగామా? నేనూ అడగలేదు. నా మీద నాకే కోపంగా ఉంది, మీ మీద ఉండదా?"

మర్నాటి నుంచి ఆవిడ మాత్ర మానేసింది. తలుపూ రావడం మానేసింది. టోకెను మళ్ళీ మేకుకెక్కింది.

అప్పుడు పిలిచాడు మేనేజరు. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, వేలు ఎలా ఉందని అడిగి, తర్వాత అసలు సంగతికొచ్చాడు. సోమవారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తోంది. ఇంతమంది ఆడవాళ్ళకి పై అంతస్తులో బాత్రూము ఉండి తీరాలని పోయినసారే రాసి వెళ్ళింది. కట్టించాలంటే రెండు నెలలు పని ఆగుతుంది. తలుపు ఎలాగూ ఉంది కదా. మాత్రల పెట్టె కంపెనీయే ఇస్తుంది. ఆరోజు మాత్రం రెండు వేసుకో, కాస్త ఎక్కువసేపు ఉంటుంది అన్నాడు. పెట్టె బల్ల మీద ఆవిడ ముందుకి తోశాడు.

కాలరక్క పెట్టె తీసుకుంది. ఇంటికెళ్ళి మొగుడికి చూపించింది. ఆయన, నీ ఉద్యోగం పోతే ఇల్లు నేను చూసుకుంటాలే, నువ్వు మాత్రం ఇది మింగొద్దు అన్నాడు. ఆవిడ పొట్టలో మళ్ళీ ఆ మంట లేచింది. ఈసారి అది పేగులది కాదు.

సోమవారం ఇన్‌స్పెక్టరు మేడం పుస్తకం పట్టుకుని వచ్చింది. మేనేజరు ఆమెని కాలరక్క పక్కనున్న గోడ దగ్గరికి తీసుకొచ్చి, ఇక్కడే మేడం, ఇప్పుడే వస్తుంది అన్నాడు. ఐదు నిమిషాలు నిలబడ్డారు. పది నిమిషాలు నిలబడ్డారు. సూపర్‌వైజరు కాలరక్క వంక కళ్ళెర్రజేసి చూశాడు. ఆవిడ మిషను ఆపి, సీలు విప్పని మాత్రల పెట్టె బల్ల మీద పెట్టింది.

"వేసుకోలేదు," అంది.

మేనేజరు గొంతు పెంచాడు. ఈవిడకి కంపెనీ అంటే పగ అన్నాడు. తలుపు ఉన్నమాట నిజం, నలభైమంది వాడారు, కావాలంటే వీళ్ళనే అడగండి అన్నాడు. ఇన్‌స్పెక్టరు అందరి వంకా చూసింది. తలలన్నీ చొక్కాల మీదికి వంగిపోయాయి. ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి మాత్రం ఒక గొంతు లేచింది.

"ఉంది మేడం, నేనూ వాడాను. కానీ అది ఆవిడ కడుపులోంచి వచ్చిన తలుపు. ఆవిడది. ఫ్యాక్టరీది కాదు."

ఇన్‌స్పెక్టరు ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకుంది. తలుపు కార్మికురాలి సొంతం, ఫ్యాక్టరీకి బాత్రూము లేదు. కట్టేదాకా ఆ అంతస్తు మూసెయ్యమని అక్కడే సంతకం పెట్టింది.

ఆ సాయంత్రమే మేనేజరు కాలరక్కని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు కాగితం చేతిలో పెట్టాడు. వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టరు ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. కార్మికురాలి సొంత వస్తువుని ఆమె అనుమతి లేకుండా ఫ్యాక్టరీ ఇరవై ఆరు రోజులు వాడుకుంది కాబట్టి దానిమీద విచారణ జరగాలి, ఆ తలుపు కొలతలు తీసుకునేదాకా ఆమెని తొలగించకూడదు అని దాని సారాంశం. మేనేజరు ఆ కాగితం మూడుసార్లు చదివాడు.

పైన మూడు బాత్రూములు కట్టారు. పిన్ని ఇంకో నాలుగేళ్ళు పనిచేసి తనంతట తనే మానేసింది. సూపర్‌వైజరు అంతా మర్చిపోయినట్టు పలకరించబోయేవాడు. కాలరక్క ఒక్కనాడూ పలకలేదు. మేనేజర్లు ఇద్దరు మారారు. ఇద్దరూ ఆవిడని తీసెయ్యాలని చూసి, ఫైలు తెరిచి, మూసేశారు.

ఆరునెలలకొకసారి ఇన్‌స్పెక్టరు ఆఫీసు నుంచి కాలరక్కకి ఉత్తరం వస్తుంది. తలుపు ఎత్తెంత, వెడల్పెంత, కొలవడానికి మనిషిని ఎప్పుడు పంపమంటారు అని. ఆవిడ ప్రతిసారీ ఒకటే జవాబు రాస్తుంది. నా ఒంట్లో బాగుంది, తలుపు రావడం లేదు, మీరెవరూ రానక్కర్లేదు.