అంచుల్లో రామనామం

మునస్వామి నలభై మూడో పేజీ అంచు రబ్బరుతో తుడుస్తున్నాడు. పేజీ మీద గంజి మరక, మరకలో చచ్చి ఎండిన చీమ, ఆ పైన ఎవరిదో చీమిడి. ఎడమచేతి వేళ్ళకి పాతగుడ్డ చుట్టుకుని పేజీ కదలకుండా నొక్కిపెట్టాడు. ప్రతి గురువారం పొద్దున ఇదే పని. జైలుకి పోయే పుస్తకంలో పెన్సిల్ గీత ఉండకూడదు. ఖైదీలు ఒకరికొకరు కబుర్లు పంపుకుంటారని జైలువాళ్ళ భయం. ఒక్క గీత కనబడినా పెట్టె మొత్తం వెనక్కి పంపేస్తారు.

తాతలనాడు చెరకు కూలికొచ్చినవాళ్ళ దీవిలో, సువా పట్నంలో సంఘంవాళ్ళు నడిపే ఆ లైబ్రరీలో అతనికిది ఇరవై రెండో ఏడు. ఆ దేశానికి స్వాతంత్ర్యం రాకముందు బల్లలు తుడిచేవాడు, వచ్చాక పుస్తకాలు తుడుస్తున్నాడు. జైలు పెట్టెలో మంచి పుస్తకం వెయ్యనివ్వరు. సముద్రం అవతల దయగలవాళ్ళెవరో ఇళ్ళు ఖాళీ చేసుకుంటూ పంపిన చెత్తంతా అందులోకే పోతుంది. మంచు ఎత్తిపోసే యంత్రం బాగుచేసుకోవడం ఎలా, ఉన్నితో మేజోళ్ళు అల్లుకోవడం ఎలా. అంతా బూజు కంపు. ఛీ, కుడితి కూడా ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది అనుకుంటాడు. అనుకుని పెట్టె సర్దుతాడు.

ఇవాళ తుడుస్తున్నది మేజోళ్ళ పుస్తకం. పోయిన గురువారం సామి అనే ముసలి ఖైదీ దగ్గర్నుంచి వచ్చింది. అంచుల నిండా సన్నటి తెలుగు అక్షరాలు. ముసలాడు రామకోటి రాసుకుంటున్నాడు పాపం. అక్కడ తాత ఆజా, నాయనమ్మ ఆజీ. మునస్వామి ఆజీ కూడా బతికినన్నాళ్ళూ దొరికిన కాగితమల్లా రామనామంతో నింపేది. అందుకని సామి రాసిన పేజీని చెరిపేముందు, గంజి తగలకుండా చూసుకుని, కళ్ళకద్దుకుంటాడు. తర్వాత చెరిపేస్తాడు. ఇది ఎనిమిదో పుస్తకం.

సామిది టాబియా అనే ఊరు. చెరకు గట్టు తగాదాలో పక్కపొలం మనిషిని నరికి పద్నాలుగేళ్ళుగా లోపలున్నాడు. డెబ్బై దాటాయి, ఊపిరి అందడం లేదు. తీసుకెళ్ళి పెట్టుకుంటామని ఇంటివాళ్ళెవరైనా సంతకం పెడితే వదిలేస్తామన్నారు జైలువాళ్ళు. తమ్ముడికి కాగితం పంపితే జవాబు లేదు. ఆ సంగతి విన్నరోజు మునస్వామి జైలు గేటు బయట ఉమ్మేశాడు. ఒక్క సంతకం పెట్టేవాడు లేకపోయాడు, వీళ్ళూ మనుషులేనా అని ఇంటికెళ్ళి భార్యతో కూడా అన్నాడు.

ఖైదీలతో మాట్లాడకూడదు. ఒక్కసారి మాత్రం పెట్టె అందుకుంటూ సామి గొంతు తగ్గించి అడిగాడు.

"తెలుగోళ్ళేనా, భాయ్?"

"హా, తెలుగే. మా ఆజాది వైజాగ్ జిల్లా."

"చదవను వస్తాదా?"

మునస్వామి తెలుగు సంఘానికి సెక్రటరీ. ప్రతి ఉగాదికీ మాతృభాష మీద ఉపన్యాసం ఇస్తాడు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని.

"రాకేం?" అన్నాడు.

ఆ తర్వాతి వారం నుంచే అంచుల్లో రాత మొదలైంది.

పది గంటలకి వానలో తడుస్తూ పెట్టె మోసుకెళ్ళాడు. వార్డర్ జొనే ఒక్కో పుస్తకాన్నీ తలకిందులుగా పట్టుకుని దులిపాడు. కాగితాలు తినే వెండిపురుగు ఒకటి రాలింది. దాన్ని బొటనవేలితో నలిపి, వేలు ప్యాంటుకి రాసుకుని, పాత పుస్తకాలు ముందుకు తోశాడు. పెట్టె అందుకోవడానికి వేరే ఖైదీ వచ్చాడు.

"సామి కహాఁ?" అడిగాడు మునస్వామి.

"సామి గయా, భయ్యా. మండే కే ఖతం హోయ్ గయ్," అన్నాడు జొనే. "కోయీ నై ఆయా."

సోమవారం పోయాడు. ఎవరూ రాలేదు. జైలువాళ్ళే దహనం చేసేశారట. జొనే వెతికి సామి చివరిగా తీసుకున్న పుస్తకం ఇచ్చాడు. యంత్రం బాగుచేసుకునే పుస్తకం. దాని అంచుల్లోనూ రాత ఉంది.

బస్సులో అది ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పోయినవాడి ఆఖరి రామనామం, చెరపడానికి మనసొప్పలేదు. గుడి వెనక ఉండే ముసలావిడ కుంతి ఆజీ దగ్గరికి తీసుకెళ్ళాడు. శనివారాలు నలుగురు పిల్లలకి తెలుగు చెప్పేది ఆవిడే. దేవుడి దగ్గర పెట్టమన్నాడు. ఆవిడ పుస్తకం కళ్ళకద్దుకుని, అద్దాలు పెట్టుకుని తెరిచింది. ఒక పేజీ చూసి, ఇంకో పేజీ తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఇది రామనామం అని నీకు ఎవరు చెప్పినారు?"

"కాదా, ఆజీ?"

ఆవిడ వేలు పెట్టి చదివింది.

"మునస్వామి బాబుకి దండాలు. ఇది తొమ్మిదోసారి రాస్తన్నాను. నవువాలో రైస్ మిల్ వెనకింట్లో పార్బతి అని మా చెల్లెలు ఉండాది. నేను చచ్చిపోయినానని వాళ్ళాయన కొడుకులికి చెప్పినాడు. జైల్ కాయితం పోతే దాని పరువు పోతాది. అందుకే నా నోటితో ఆఫీసర్లకి దాని పేరు చెప్పలేదు. నువ్వు పోయి దాని చెవిలో చెప్పు. అది సైన్ చేస్తాది, నాకు తెలుసు. నువ్వు చదివిందల్లా ఎవరికీ కనబడకండా చెరిపేస్తన్నావు. మంచోడివి. నీకు అందతా ఉంది, అదే చాలు. చూస్తా ఉంటాను."

కుంతి అద్దాలు తీసింది. "తక్కినవి ఎనిమిదీ?"

మునస్వామి తన చేతులు చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ చీమిడీ గంజీ చూసి పడ్డ రోత ఏపాటిదో అప్పుడు తెలిసింది. తమ్ముణ్ణి తిట్టి ఉమ్మేసిన నోరు ఇదే. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. ఆవిడ చెంబుతో నీళ్ళు పోసింది.

"నవువా బస్సు ఎప్పుడు, ఆజీ?"

"నాలుగున్నరకి. పోయి ఏమి చెప్తావు?"

"చదవను రాదు అని చెప్తాను."

పుస్తకం చొక్కా లోపల దోపుకుని వానలోనే వెళ్ళాడు. ఆ రోజు లైబ్రరీకి తిరిగి రాలేదు. పొద్దుట కూర్చున్న బల్ల మీద ఒకవైపు అరిగి నల్లబడ్డ రబ్బరు ముక్క, దాని చుట్టూ ఇంకా ఎవరూ ఊడవని పొట్టు.